పోగొట్టుకున్న గాలం ఎవరికి దొరుకుతుంది?



మృగశిర కార్తె దగ్గరికొచ్చింది. ఆ రోజు కొంపల్లిలో, మేడ్చల్‌లో, శామీర్‌పేటలో చేపల ధర ఎంత పలుకుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకేనేమో, పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద మన యవనస్థులు మాట్లాడుకున్న మాటల్లో సగం చేపల గురించే. ఒక తమ్ముడు ఫోనులో తాను కొత్తగా తెప్పించిన లోహపు ఎరలు చూపించాడు. మెరిసే స్పూన్లు, గిరగిర తిరిగే స్పిన్నర్లు. ఒక్కోదానికి తోక దగ్గర మూడు కొక్కేల గాలం. "డజను తెప్పించిన అయ్యగారూ. సగం రాళ్ళకే పోతయి గదా" అని నవ్వాడు.

నేను కూడా నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ "సగం పోతయి" అన్న మాట మనసులో నిలిచిపోయింది. ఎందుకంటే ఒకప్పుడు నా లెక్క కూడా అదే. ఆ లెక్క తప్పని నాకు తెలిసిన విధం మీతో పంచుకోవాలని ఈ వారం రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లోహపు ఎర పట్టినవాడు మొట్టమొదట నేర్చుకోవలసింది, విసిరినదాన్ని తిరిగి తెచ్చుకోవడం. చేప పట్టడం ఆ తర్వాత. తిరిగి తెచ్చుకోలేనని తెలిసిన చోట విసరడం వేట కాదు, నిర్లక్ష్యం.

చిన్నప్పుడు మేము వెదురు కర్రకు నైలాన్ దారం కట్టి, వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా ఒడ్డున కూర్చునేవాళ్ళం. ఆ గాలం ఉన్న చోటే ఉంటుంది కాబట్టి ఎక్కడా పెద్దగా ఇరుక్కోదు. లోహపు ఎర అలా కాదు. దాన్ని దూరంగా విసిరి, రీలు తిప్పుతూ నీళ్ళలోంచి లాగాలి. స్పూన్ అంటే పిడి విరిచేసిన చెంచా లాంటి రేకే. ఒకవైపు గుంటగా, ఒకవైపు ఉబ్బుగా ఉండడం వల్ల లాగేటప్పుడు నీళ్ళు దాన్ని అటూ ఇటూ ఊపుతాయి. బెదిరి పారిపోయే పరక చేపలా అది తళుక్కుమంటుంది. కొరమీను, వాలుగ లాంటి వేటాడే చేపలు దానికోసం ఉరికి వస్తాయి.

ఇది ఇప్పటి వింత కూడా కాదు. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన ఇలాంటి ఎరకు 1852లోనే పేటెంట్ తీసుకున్నాడు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ మన దేశపు నదుల్లో గాలపు వేట గురించి 1873లో ఒక పుస్తకమే రాశాడు, దాని పేరు ది రాడ్ ఇన్ ఇండియా. మనకు కొత్తగా వచ్చింది ఆన్‌లైన్‌లో డజను చొప్పున చౌకగా దొరకడం. చౌకగా దొరికినదాన్ని పోగొట్టుకోవడానికి మనం పెద్దగా బాధపడం.

ఇక జరిగింది చెబుతాను. తూప్రాన్ వైపు హల్దీ వాగు మీకు తెలుసు. మంజీరలో కలిసే వాగు అది. ఆ మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ వాగు మీద ఒక చెక్‌డ్యాం దిగువన నేను ఈ లోహపు ఎర నేర్చుకున్నాను. నేర్పింది మన సంఘపు పిల్లవాడే. మొదటి వానాకాలంలో నాలుగు ఎరలు పోగొట్టుకున్నాను. ప్రతిసారీ చేసింది ఒకటే. ఇరుక్కోగానే గట్టిగా గుంజడం, దారం తెగడం, "పోతే పోనీ" అనుకుని ఇంకొకటి కట్టడం. అన్నిటికీ మా అమ్మాయి గోళ్ళ రంగుతో ఒక ఎర్ర గీత పెట్టుకున్నాను, చేపకు బాగా కనబడుతుందని.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండింది. మన సంఘంలో బర్రెలు మేపుకునే ఒక పెద్దాయన ఆ రాళ్ళ మధ్యనుంచి మందను దాటిస్తుంటే పాదంలో గాలం దిగింది. చెప్పులోంచి దిగింది. నేను వెళ్ళేసరికి సర్కారు దవాఖానలో డాక్టరుగారు కొద్దిగా కోసి దాన్ని తీసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు. తీసినదాన్ని ఒక ట్రేలో పెట్టారు. తుప్పు పట్టిన రేకు మీద ఎర్ర గీత ఇంకా అలాగే ఉంది.

నాదేనని చెప్పాను. ఆయన కోపపడలేదు. "మీరు పోగొట్టుకున్నది నాకు దొరికింది అయ్యగారూ" అన్నాడు. అంతే. పది రోజులు ఆయన మందతో వెళ్ళలేకపోయాడు. ఆ పది రోజులూ ఆయన మనవడు బడి మానేసి బర్రెల వెంట తిరిగాడు.

ఆ రాత్రి నిర్గమకాండము 21వ అధ్యాయం తెరిచాను. గొయ్యి తవ్వి మూయకుండా వదిలేసినవాడి గురించి అక్కడ ఉంది. అందులో ఎద్దో గాడిదో పడితే, గొయ్యి తవ్వినవాడే నష్టం కట్టాలి. "నేను కావాలని చేయలేదు" అనే మాటకు అక్కడ చోటు లేదు. ద్వితీయోపదేశకాండము 22లో కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె మీద పిట్టగోడ కట్టాలని చెప్పినదీ అందుకే. ఎవరూ పడకముందే ఆలోచించమని. ఈ మాటల మీద నేను ఎన్నోసార్లు ప్రసంగం చేశాను. వాగులో నేను వదిలిన గాలం మూయని గొయ్యి అని మాత్రం నాకు ఎన్నడూ తోచలేదు. మర్నాడు పది రోజుల కూలి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆయన వద్దన్నాడు. ఇది దానం కాదు, బాకీ అని చెప్పి చేతిలో పెట్టి వచ్చాను.

అప్పటినుంచి నేను మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. తెలిసింది మీకూ చెబుతాను.

మొదటిది, నీళ్ళు లేనప్పుడు వాగును చూడండి. మే నెలలో అడుగంతా బయటపడి ఉంటుంది. ఏ రాయి ఎక్కడుందో, ఏ మోడు ఎటు వంగిందో, తెగిన వల ఎక్కడ చుట్టుకుందో నడిచి చూసి ఫోనులో ఫొటోలు తీసుకోండి. కొన్నేళ్ళలో ఈ అవకాశం ఉండదు. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మ సాగర్ నుంచి గోదావరి నీళ్ళను హల్దీలోకి వదిలారు, ఎండాకాలంలోనే వాగు పారింది. అలాంటప్పుడు ఆ వాగు ఒడ్డున పెరిగినవాళ్ళను అడగండి. వాళ్ళ దగ్గర ఉన్న పటం ఏ ఫోనులోనూ లేదు.

రెండవది, లెక్కపెట్టండి. ఖాళీగా ఉన్న చోట ఎర విసిరి, అది అడుగుకు చేరి దారం వదులయ్యేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. ఆరు దగ్గర అడుగు తగిలితే, తర్వాతిసారి నాలుగు దగ్గరే రీలు తిప్పడం మొదలుపెట్టండి. నడుములోతు కన్నా తక్కువ నీళ్ళయితే ఎర నీళ్ళను తాకిన క్షణంలోనే తిప్పాలి, కర్ర కొస పైకెత్తి ఉంచాలి. తక్కువ లోతుకు వెడల్పుగా, తేలికగా ఉండే రేకు మంచిది, అది మెల్లగా మునుగుతుంది. సన్నగా, బరువుగా ఉన్నది మడుగులకే.

మూడవది, పారే నీళ్ళలో అడ్డంగా, కాస్త దిగువకు విసరండి. ఎదురు నీటిలో లాగేటప్పుడు ప్రవాహమే ఎరను పైకి లేపుతుంది. ఎగువకు విసిరితే ప్రవాహం దాన్ని మీవైపు తోస్తుంది. మీరు అంతకన్నా వేగంగా తిప్పకపోతే అది రాళ్ళ సందుల్లో కూర్చుంటుంది.

నాలుగవది, ఆ మూడు కొక్కేల గాలం తీసేసి ఒంటి కొక్కెం పెట్టండి. మొన పైకి చూసేలా పెట్టండి. రాతికి తగిలే మొనలు మూడునుంచి ఒకటికి తగ్గుతాయి. వెనక ఉన్న ముల్లును పట్టకారుతో నొక్కేయండి. చేప జారిపోతుందని భయపడకండి, దారం బిగువుగా ఉంచితే చాలు. అంతకన్నా ముఖ్యం, కొక్కెం సన్నటి తీగతో చేసినదై ఉండాలి, దారం దానికన్నా బలమైనదై ఉండాలి. అప్పుడు ఇరుక్కున్నా దారం తెగకముందే కొక్కెం సాగి వంగుతుంది, ఎర చేతికి వస్తుంది. వాగులో ఏమీ మిగలదు. ఈ ఒక్క సంగతి నాకు ముందే తెలిసుంటే ఆ పెద్దాయన పాదం బాగుండేది.

అయిదవది, ఇరుక్కున్నప్పుడు గుంజకండి. గుంజిన ప్రతిసారీ మొన ఇంకా లోపలికి దిగుతుంది. దారం వదులు చేయండి. ఒడ్డు వెంట అవతలి వైపుకు నడిచి, ఎర వెళ్ళిన దారినే వెనక్కి వచ్చేలా మెల్లగా లాగండి. చాలాసార్లు వచ్చేస్తుంది. ఇక తప్పదనుకుంటే దారాన్ని ఒక కర్రకు చుట్టి, ముఖం పక్కకు తిప్పుకుని, నిటారుగా వెనక్కి నడవండి. చేతికి మాత్రం చుట్టుకోకండి, కోసేస్తుంది. దానికోసం నీళ్ళలోకి దిగవద్దు. శామీర్‌పేట చెరువైనా, మంజీర మడుగైనా, ఎర కోసం ప్రాణం పెట్టే పని కాదు. ఒడిలో పోయిందని గుర్తు పెట్టుకుని, నీళ్ళు తగ్గాక వచ్చి వెతకండి.

కొందరు అడుగుతారు: వాగులో గాజు పెంకులున్నాయి, తెగిన వలలున్నాయి, సీసాలున్నాయి, నా ఒక్క గాలంతో ఏమవుతుంది అయ్యగారూ అని. ఆ పెంకు ఎవరిదో నాకు తెలియదు. ఎర్ర గీత ఉన్న గాలం మాత్రం నాదని తెలుసు. నాది అని తెలిసినదానికే నేను జవాబు చెప్పాలి.

ఇంకొకరు అంటారు: ఇరుక్కుంటుందని భయపడితే కొరమీను దొరకదు, అది ఉండేదే మోళ్ళ దగ్గర, నాచులో అని. నిజమే. మన రాష్ట్ర చేప దాక్కునేది చిక్కులున్న చోటే. అందుకే అక్కడికి వెళ్ళకండి అనడం లేదు. చేతకాకముందు వెళ్ళకండి అంటున్నాను. ఒక వానాకాలం ఇసుక అడుగున్న చోట నేర్చుకోండి. ఒంటి కొక్కెంతో, లెక్కపెట్టి, ఎర పోకుండా నెల రోజులు విసరగలిగితే అప్పుడు మోడు పక్కకు వెళ్ళండి.

మరో మాట. చెరువుల్లో, కుంటల్లో చేపలు మత్స్యకార సహకార సంఘాలవి. అవి వాళ్ళ బతుకు. వాళ్ళను అడగకుండా గాలం వేయకండి. వాగులోనైనా వలతో నీళ్ళలోకి దిగేది వాళ్ళే. మనం ఒడ్డున బూట్లతో నిలబడి విసిరినది వాళ్ళ వట్టి కాళ్ళకు తగులుతుంది. సువార్తల్లో పేతురు గురించి చదివినప్పుడల్లా వలే గుర్తొస్తుంది మనకు. కానీ మత్తయి 17వ అధ్యాయంలో ప్రభువు ఆయనను గాలం వేయమని పంపాడు. ఎందుకో గుర్తుందా? చెల్లించవలసినది చెల్లించడానికి, ఎవరికీ అభ్యంతరం కలగకుండా ఉండడానికి. గాలం పట్టుకున్నప్పుడు ఆ సంగతి నాకు గుర్తుకొస్తుంటుంది.

ఇప్పుడు వాగులో నీళ్ళు లేవు. పోయిన శనివారం ముగ్గురు పిల్లలతో కలిసి చెక్‌డ్యాం దిగువన నడిచాను. మందపాటి బూట్లు, ఒక పట్టకారు, మూత ఉన్న ఒక పాల డబ్బా తీసుకెళ్ళాం. పదకొండు గాలాలు దొరికాయి. రెండు నావి. నాలుగోది ఇంకా దొరకలేదు.

ఈ శనివారం పొద్దున్నే, ఎండ ముదరకముందు మళ్ళీ వెళ్తున్నాం. డజను ఎరలు తెప్పించిన తమ్ముడు వస్తానన్నాడు. వాన పడేలోగా ఇంకా ఎవరైనా రాగలిగితే రండి. బూట్లు మాత్రం మరిచిపోవద్దు.

దేవుడు మిమ్మల్ని, మీ వాకిట నడిచే ప్రతి పాదాన్ని కాపాడును గాక.

మీ పాస్టర్