ఇంట్లో కూర్చుని చేసే పనే కదా!

పెళ్ళి దగ్గర పడగానే మన ఇళ్ళలో ఒక బేరం మొదలవుతుంది. పెళ్ళికూతురి తెల్లచీర మీదకు బంగారు మగ్గం వర్క్ జాకెట్ కావాలి. "రెండు చేతులకు ఇంతా? ఇంట్లో కూర్చుని చేసే పనే కదమ్మా!" అంటాం. హాలు అద్దె దగ్గర, కేటరింగ్ దగ్గర నోరెత్తని వాళ్ళం, మగ్గం అక్క దగ్గరకొచ్చేసరికి అయిదు వందల కోసం పట్టుబడతాం. దీన్ని పొదుపు అనుకోకండి.

ఆ "కూర్చుని చేసే పని" ఏమిటో చూడండి. జరీ అంటే పోగు మీద సన్నని లోహపు రేకు చుట్టిన దారం. మందపు జరీని మాటిమాటికీ గుడ్డలోంచి లాగితే ఆ చుట్టు ఊడిపోతుంది. అందుకే గుడ్డ పైన పరిచి, వేరే సన్నదారంతో అడుగడుగునా పట్టివేస్తారు. ఇక జర్దోసి స్ప్రింగు. దాన్ని చిన్న ముక్కలుగా కత్తిరించి పూసల్లా సూదికెక్కించాలి. ముక్క వెంట్రుకవాసి పొడవైతే ఉబ్బి లేస్తుంది, పొట్టిదైతే అడుగు దారం కనబడుతుంది. గట్టిగా లాగితే సాగిపోతుంది, మళ్ళీ చుట్టుకోదు. పాడైన జరీ ఖర్చు చాలాచోట్ల కుట్టిన మనిషి కూలిలోనే కోత. గంటల తరబడి ఆ మెరుపు మీదే నిలిపిన కళ్ళకు లెక్కే లేదు.

ఈ మాట మన సంఘాలకు కొత్త కాదు. నరసాపురం వైపు మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఎందరో క్రైస్తవ స్త్రీలకు కూడు పెట్టింది, నిజమే. కానీ మరియా మీస్ 1982లో అచ్చువేసిన పుస్తకం ఏం చూపింది? విదేశాలకు సరుకు అల్లే ఆ స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళ అల్లుకునే గృహిణులుగా చూశారు. కూలి అడుగంటింది అందుకే. ఇంటి నుంచి పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు. మన పల్పిట్ మీద ఈ సంగతి ఎన్నడైనా విన్నామా?

నిర్గమకాండము 39 తెరవండి. బంగారాన్ని రేకులుగా కొట్టి, తీగెలుగా కత్తిరించి, రంగు నూలుతో కలిపి ఏఫోదు చేశారు. అంతకు ముందు అధ్యాయంలో ఆ బుటాపనివాడి పేరుంది: అహోలీయాబు, దాను గోత్రికుడు. మన బల్ల గుడ్డ మీద సిలువ కుట్టిందెవరంటే "ఎవరో మగ్గం వాళ్ళు" అంటాం. (దాత పేరు మాత్రం అంచున కుట్టిస్తాం!) పొద్దుగూకేలోగా కూలి ఇమ్మని ద్వితీయోపదేశకాండము 24 చెబితే, "పెళ్ళయ్యాక చూద్దాం" అని మనమంటాం.

"మాకు మాత్రం స్తోమత ఉందా?" అంటారా? అయితే వర్క్ తగ్గించుకోండి, కూలి కాదు. సన్నని అంచు చాలు. "తక్కువకు చేసేవాళ్ళు దొరుకుతారు" అంటారా? ఆ చవక ఎక్కడ తయారవుతుందో 2005లో ముంబైలో బయటపడింది. జరీ గదుల మీద దాడులు చేసి, బీహారు నుంచి తెచ్చిన పిల్లలను విడిపించాల్సి వచ్చింది.

యువతకు ఒక పని. ఈ క్రిస్మస్‌కు కొత్త పల్పిట్ గుడ్డ చేయించే ముందు మీ సంఘ కమిటీని అడగండి: ఎన్ని రోజుల పని, రోజుకు ఎంత, జరీ పాడైతే ఎవరి ఖర్చు, డబ్బు ఏ తేదీన. జవాబులు కాగితం మీద రాయించి, ఒక ప్రతి కుట్టే మనిషి చేతికివ్వండి.