ఉద్దానం తోటలకు రెండు సంఖ్యల చిరునామా

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరికి పరిహారం చెట్టు లెక్కన చెల్లిస్తారు. కూలిన మానులను తొలగించిన తరువాత, అక్కడ ఎన్ని చెట్లుండేవన్న ప్రశ్నకు నేల సమాధానం చెప్పదు. ఆ సమాధానం తుపానుకు ముందే కాగితంపై ఉండాలి. అందుకు కావలసిన గణితం ఇంటర్మీడియెట్ త్రికోణమితికి మించినది కాదు.

కొబ్బరి, జీడి, పనస, మామిడి కలిసి పెరిగే తోటలో వరుసలను లెక్కించి చెట్టును గుర్తించడం కష్టం. మొబైల్ ఫోను చూపే స్థానంలో సాధారణంగా కొన్ని మీటర్ల తేడా ఉంటుంది. దట్టమైన ఆకుల కింద అది మరింత పెరుగుతుంది. కొబ్బరికి సిఫారసు చేసిన ఎడం 7.5 మీటర్లే కనుక ఆ తేడా ఒక చెట్టును పక్క చెట్టుగా చూపగలదు. నేలబావి వంటి స్థిరబిందువు నుండి టేపుతో దూరాన్ని, దిక్సూచితో కోణాన్ని కొలవడం ఇంతకంటె నమ్మదగిన పద్ధతి. ఈ దూరం, కోణాల జంటనే ధ్రువ నిరూపకాలు అంటారు.

వీటిని తూర్పు, ఉత్తర దూరాలుగా, అనగా లంబ నిరూపకాలుగా మార్చినపుడే చెట్ల మధ్య ఎడాన్ని, తోట విస్తీర్ణాన్ని గణించడం సులభమవుతుంది. పాఠ్యపుస్తకంలో కోణాన్ని తూర్పు నుండి అపసవ్యదిశలో కొలుస్తారు. దిక్సూచి కోణం ఉత్తరం నుండి సవ్యదిశలో సాగుతుంది. కావున ఇక్కడ దూరాన్ని సైన్‌తో గుణిస్తే తూర్పు దూరం, కొసైన్‌తో గుణిస్తే ఉత్తర దూరం లభిస్తాయి. ఇవి తారుమారైతే తోట పటం అద్దంలోని బొమ్మవలె తిరగబడుతుంది.

ఉదాహరణకు, బావి నుండి ఒక చెట్టు 40 మీటర్ల దూరంలో 60 డిగ్రీల దిశలో ఉన్నదనుకుందాం. దాని స్థానం తూర్పున 34.64, ఉత్తరాన 20 మీటర్లు. 30 మీటర్ల దూరంలో 150 డిగ్రీల దిశలోనున్న మరొక చెట్టు స్థానం తూర్పున 15, దక్షిణాన 25.98 మీటర్లు. ఈ రెండు చెట్ల మధ్య దూరం లెక్క ప్రకారం 50 మీటర్లు. టేపు పరచి దీనిని అక్కడికక్కడే సరిచూడవచ్చు. 40 మీటర్ల దూరంలో కోణం ఒక డిగ్రీ తప్పితే స్థానం 0.7 మీటరు జరుగుతుంది; 5 డిగ్రీలు తప్పితే 3.5 మీటర్లు, అనగా దాదాపు సగం ఎడం జరుగుతుంది. కావున దూరపు చెట్లకు రెండవ స్థిరబిందువును ఎన్నుకొని, మొదటి బిందువు నుండి దాని తూర్పు, ఉత్తర దూరాలను కూడితే సరిపోతుంది.

ఇంత శ్రమ రైతుకు భారమన్న అభ్యంతరం సహేతుకమే. అందుకే ఈ బాధ్యతను విద్యాసంస్థలు స్వీకరించాలి. నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులు గ్రామీణ కార్యానుభవ కాలంలో వజ్రపుకొత్తూరు, మందస, కవిటి మండలాల తోటలలో ఈ కొలతలు చేపట్టవచ్చు. చెట్టు జాతి, వయస్సు, రెండు నిరూపకాలు గల పట్టిక ఒక ప్రతి రైతు వద్ద, ఒక ప్రతి గ్రామస్థాయి వ్యవసాయ కార్యాలయంలో ఉండాలి. నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతకాలం ఆదాయం కోల్పోయే రైతుకు తన చెట్ల లెక్కనైనా నిరూపించుకొనే ఆధారం కల్పించడం వ్యవసాయ విద్య కర్తవ్యం.