మానేస్తానని ఎవరితో చెప్పుకోవాలి?

మందు మానేస్తానని చెప్పుకోవడానికి మా అనంతపురం జిల్లాలో బోలెడన్ని దారులున్నాయి. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకోవచ్చు. కసాపురం ఆంజనేయస్వామి ముందు కర్పూరం ఆర్పి ఒట్టేయొచ్చు. ఇంటి ముందు సీసా పగలగొట్టి మూడు వీధులకు వినబడేట్టు చాటొచ్చు. రెండు వారాలు నిలబడితే చాలు, టీ అంగడి దగ్గర పెద్దమనుషులు "వాడు బాగుపడినాడప్పా" అని మెచ్చుకుంటారు. మళ్లీ మొదలుపెడితే తిడతారు, తిట్టి మళ్లీ మాల వేయిస్తారు. గంజాయి మానాలనుకున్నవాడికి వీటిలో ఒక్కటీ లేదు. దొంగచాటుగా పీల్చినట్టే దొంగచాటుగా మానాలి. మానినానని చెబితే ఇన్నాళ్లూ పీల్చినానని ఒప్పుకున్నట్టే కదా.

నేను బోర్ల ఏజెంటును. కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో రైతుకు టెంకాయతో నీళ్లు చూసేవాణ్ని తెచ్చిపెట్టడం, తిరుచెంగోడు బండి మాట్లాడటం, కేసింగు పైపులు తోలించడం, తెల్లారేదాకా బండి దగ్గర నిలబడి అడుగులు రాసుకోవడం నా పని. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ గంజాయి పీల్చినాను. ఇప్పుడు పీల్చడం లేదు. ఈ వ్యాసానికి నా పేరు పెట్టుకోకపోవడానికి కారణం పోలీసులు కాదు, మా పిల్లోడికి సంబంధాలు చూస్తున్నాం.

ఎందుకు పీల్చినానో ముందు చెప్పాలి. బండి ఒకసారి మొదలైతే రాత్రీ పగలూ లేదు. కంప్రెసరు మోత చెవుల్లో దూరిందంటే బండి ఆగిపోయినాక కూడా అది ఆగదు. పొద్దున ఆరింటికి ఇంటికొచ్చి పడుకుంటే కన్ను మూత పడదు. పైన రేకులు, కింద బండ, ఏప్రిల్ నెల. బండి పిల్లోళ్లలో ఒకడు బీడీలో పొగాకు సగం రాల్చి పొట్లంలోంచి ఆకు కూరి ఇచ్చినాడు. రెండు దమ్ములకు ఆ మోత పోయింది. అన్నం రుచిగా అనిపించింది. నిద్ర పట్టింది. గంజాయి మీద పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా ఈ ముక్కను దాటేస్తాయి. పీల్చినవాడికి అది ఏదో ఒక పని చేసిపెట్టింది కాబట్టే రెండోరోజు కూడా పీల్చినాడు. ఆ మాట ఒప్పుకోకుండా మొదలుపెట్టే ఉపదేశం పీల్చేవాడి చెవికి ఎక్కదు.

కాలేజీ పిల్లలకు "ఒక్క దమ్ముకే బతుకు సర్వనాశనం" అని చెప్పే మీటింగులు కూడా ఇట్లాంటివే. వాళ్ల హాస్టల్లోనే పీల్చి పరీక్ష పాసైనవాడు ఒకడుంటాడు. వాణ్ని చూసినాక మీ మాట ఎవరు నమ్ముతారు? కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే 2019లో బయటికొచ్చింది. భంగు, గంజాయి, చరస్ అన్నీ కలిపి ఏడాదిలో వాడినవాళ్లు సుమారు 3.1 కోట్ల మంది. ఒక్క గంజాయి, చరస్ తీసుకుంటే 1.3 కోట్లు. మొత్తం మీద ఇతరుల సహాయం కావాల్సినంతగా చిక్కుకున్నవాళ్లు సుమారు 72 లక్షలు. అంటే నలుగురిలో ముగ్గురు అంత దూరం పోలేదు. ఇది దాచాల్సిన సంగతి కాదు. దీని పక్కనే రెండో సంగతి కూడా చెప్పాలి. రోజూ పీల్చేవాడు ఆ ముగ్గురిలో ఒకణ్నని ధైర్యంగా అనుకోవడానికి లేదు. పదహారు పదిహేడేళ్లకే మొదలుపెట్టినవాడికి ఆ ధైర్యం అసలే తగదు.

కొంచెం చదువుకున్న పీల్చేవాళ్లు ఇంకో వాదన తెస్తారు. బ్రిటిషోళ్లు 1893-94లో ఒక కమిషన్ వేసి దేశమంతా విచారించి, మితంగా వాడితే పెద్ద హాని లేదన్నారని. నిజమే. అప్పట్లో గంజాయి లైసెన్సు అంగళ్లలో అమ్మేవాళ్లు, బాపట్ల దగ్గర సంతరావూరు ప్రాంతంలో పండించేవాళ్లు, సర్కారు దాని మీద పన్ను తీసుకునేది. నేను కూడా ఈ వాదన చేసినవాణ్నే. కాకపోతే రోజుకు నాలుగు బీడీలు కాల్చుకుంటూ ఆ కమిషన్‌ను సాక్ష్యానికి పిలిచేవాణ్ని. అతిగా వాడితే చెడుపని కూడా అదే కమిషన్ రాసింది.

ఒకప్పుడు పీలిస్తే ఏదో అయ్యేది. తర్వాత తర్వాత పీల్చకపోతే ఏదో అవడం మొదలైంది. చిరాకు, చెమట, అన్నం ముందు కూచుంటే వెలపరం. రెండు దమ్ములు లాగితే మామూలు మనిషినయ్యేవాణ్ని, అంతకు మించి ఏమీ లేదు. నా ఖర్చంతా మామూలు మనిషి కావడానికే పోయేది. దగ్గు గంజాయి వల్లో బోరు దుమ్ము వల్లో చెప్పలేను. రాతి దుమ్ము మా పనిలో అందరి ఊపిరితిత్తుల్లోనూ ఉంది. దాన్ని గంజాయి ఖాతాలో వేయడం న్యాయం కాదు.

పోయింది వేరే ఉంది. ఒక ఎండాకాలం ఇంటిల్లిపాదీ తిరుమలకు బయల్దేరినారు. అలిపిరిలో సంచులు తెరిచి చూస్తారు. రెండు రాత్రులు పొట్లం లేకుండా ఉండాలి. "బోరు పడింది, మీరు పోయి రండి" అన్నాను. ఆ రెండు రోజులు నాకు ఏ బోరూ లేదు. మా ఆవిడకు అది తెలుసు. ఆమె తిట్టలేదు. ఇంకోరోజు ఎప్పుడో అన్నది: "తాగుబోతు మొగుడైతే కొడతాడు, అరుస్తాడు. నువ్వు ఏమీ అనవు. ఇంట్లో ఉండీ లేవు. నాకు రెండూ ఒకటే." గంజాయి పీల్చేవాడు ఎవరి జోలికీ పోడని మేము గొప్పగా చెప్పుకుంటాం. ఎవరి జోలికీ పోకపోవడమే ఆమె ఫిర్యాదు.

అయినా వెంటనే మానలేదు. ఎందుకో మా బోరు పని తెలిసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. జైసల్మేరు తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడే జిల్లా అని మాకు పేరు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడాది. సెనక్కాయ ఎండిపోతుంటే రైతు అప్పు తెచ్చి బోరు వేయిస్తాడు. ఐదు వందల అడుగుల దగ్గర ఇంకా తెల్లదుమ్మే లేస్తుంటుంది. "ఇంగో రెండు రాడ్లు దింపన్నా, ఈ బండ దాటితే పడ్తాయి" అంటాడు. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుందని వాడికి తెలుసు. ఆపితే పెట్టిందంతా మట్టిపాలైందని ఇప్పుడే, ఈ నిమిషమే ఒప్పుకోవాలి. రాడ్డు తిరుగుతున్నంతసేపు ఒప్పుకోనక్కర్లేదు. బండి మోతలో, దుమ్ములో, తెల్లవారుజామున మూడింటికి ఏ రైతూ సరైన లెక్క వేయలేడు. అడుగుకింతని కమీషను తినే నేను ఆపమని చెప్పేవాణ్ని కాదు. రోజూ పీల్చేవాడు కూడా మానాలా వద్దా అనే ప్రశ్నను చేతిలో బీడీ పెట్టుకునే వేసుకుంటాడు. పక్కనుండేది పొట్లం అమ్మేవాడో, తోడు పీల్చేవాడో. జవాబు ఏమొస్తుంది?

అందుకే నాదొక అభిప్రాయం. మానాలా వద్దా అని తేల్చుకోవాలంటే ముందు ఆపాలి. ఆపి, తర్వాత తేల్చుకోవాలి. రోజూ పీల్చేవాడు ఆపితే ఒకటి రెండు రోజుల్లో ఒళ్లు ఎదురు తిరుగుతుంది, మొదటి వారంలో అది ముదురుతుంది, రెండు మూడు వారాలకు చాలావరకు సద్దుమణుగుతుంది, నిద్ర కుదురుకోవడానికి ఇంకొంచెం పడుతుంది. గంజాయి మత్తు మెదడులో పనిచేసే చోట్లు తిరిగి మామూలు కావడానికి నాలుగు వారాల దాకా పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. అంతవరకు మనసు చెప్పేది మన మాటా దాని మాటా అని తెలియదు. మన పెద్దలు ఏ లెక్కతో పెట్టినారో గానీ మండల దీక్ష 41 రోజులు. ఈ పనికి సరిగ్గా సరిపోతుంది.

నేను ఆపిన ఆ మొదటి రోజుల్లో నన్ను ఎక్కువ భయపెట్టింది కలలు. గంజాయి కలలను అణచిపెడుతుంది, ఆపితే అవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. నేను వేయించిన ఎండుబోర్లన్నీ వరసగా కలలోకొచ్చినాయి, రైతులతో సహా. ఇది మామూలేనని ముందే ఎవరైనా చెప్పి ఉంటే పిచ్చెక్కుతోందని హడలిపోయేవాణ్ని కాదు. నాకు తెలిసినవాళ్లలో చాలామంది ఈ మొదటి వారంలోనే మళ్లీ బీడీ ముట్టించినారు. లేకపోతే బతకలేమనుకుని ముట్టించినారు గానీ, బాగుంటుందని కాదు. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. నిద్రకు, ఆందోళనకు డాక్టరు సాయం చేయగలడు, ధైర్యం చెప్పగలడు. అది చిన్న సాయం కాదు.

కొంతమందికి మాత్రం మానాలా వద్దా అనే ఈ తూకమే అక్కర్లేదు. ఇంట్లో ఎవరికైనా మతిచలించిన చరిత్ర ఉన్నవాళ్లు, చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు, అందరూ తన మీద కుట్ర చేస్తున్నట్టు అనిపించేవాళ్లు, ఇరవై నిండని పిల్లలు ఇవాళే ఆపి డాక్టరు దగ్గరికి పోవాలి.

పోవాలంటే యాడికి పోవాల? నేను వేరే ఊళ్లో ఒక ఆసుపత్రికి పోతే చీటీ రాసే మనిషి వరుసలో అందరికీ వినబడేట్టు "గంజాయి కేసా?" అన్నాడు. వెనక్కి తిరిగి బస్సెక్కినాను. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కానీ కళ్యాణదుర్గం నుంచి బస్సులో గంటన్నర, ఒక రోజు కూలి పోతుంది. బండి పిల్లోడు అంత దూరం పోతాడని నేననుకోను.

సర్కారు ఏమీ చేయడం లేదని అనను. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికేసినారు. 2024 చివర్లో గంజాయిని పట్టడానికి ఈగల్ అనే పోలీసు విభాగం పెట్టి 1972 అని ఫోన్ నంబరు ఇచ్చినారు. ఆ నంబరు బస్టాండు గోడల మీద, కాలేజీ గేట్ల మీద కనబడుతుంది. అమ్మేవాడి గురించి చెప్పడానికి అది కావాల్సిందే. పీల్చేవాడికి మాత్రం ఆ అంకెలు చూడగానే లాకప్పే గుర్తొస్తుంది. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి పీల్చినందుకు ఆరు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా లేదా రెండూ వేయొచ్చు. ఈ సెక్షను ఊరూరా తెలుసు. అదే చట్టంలో 64ఏ అని ఇంకో సెక్షనుంది. వాడకం కేసులోనో చిన్న మోతాదు కేసులోనో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రికో ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రానికో చికిత్సకు పోయి, దాన్ని పూర్తి చేస్తే, ఆ నేరానికి ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోతుంది. నేను ఏ గోడ మీదా ఈ మాట చూడలేదు.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మీదికి పోగలిగినారు. అంగడి కళ్లెదురుగా ఉండబట్టి. గంజాయికి అంగడి లేదు, పీల్చినవాడు తూలిపడడు, ఇంట్లో అమ్మకు కూడా చానా ఆలస్యంగా తెలుస్తుంది. ఆమె వీధిలోకొచ్చి అరిస్తే జైలుకు పోయేది ఆమె కొడుకే. ఆమె నోరెత్తలేకపోతోంది కాబట్టే గోడల మీద రాతలు మారాలంటున్నాను. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి ఒక సాయంత్రం మత్తు మానాలనుకునేవాళ్ల కోసం ఓపీ పెట్టండి. చీటీ మీద జబ్బు పేరు రాయొద్దు. 1972 పక్కనే 14446 కూడా రాయండి. అది మత్తు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్రం నడిపే ఉచిత హెల్ప్‌లైన్. దాని కింద 64ఏ సంగతి పల్లెభాషలో రెండు వాక్యాలు. రంగు డబ్బా ఖర్చు తప్ప దీనికి జీవో కూడా అక్కర్లేదేమో.

పోయిన నెల బెళుగుప్ప దగ్గర బోరు వేస్తుంటే బండి పిల్లోడొకడు నా దగ్గరకొచ్చి కూచున్నాడు. ఒడిశా నుంచి వచ్చినోడు, తెలుగు మా యాసలోనే నేర్చుకున్నాడు. నేను మానినట్టు ఎవరో చెప్పినారంట. "న్నా, ఆ 14446 నంబరుకు ఫోన్ చేస్తే పోలీసోళ్లు ఎత్తుతారా?" అన్నాడు. ఎత్తరు అన్నాను. "రాసుండేది చూపీ" అన్నాడు. చూపించడానికి నా దగ్గర ఏ కాగితమూ లేదు. ఇది అచ్చయితే కత్తిరించి వాడికిస్తాను.