నడుస్తున్న వ్యవస్థలో మార్పు: ఒక ఫైలు నేర్పిన పాఠం

2024 జులై 19న హైదరాబాద్ విమానాశ్రయంలో కొందరు ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అదే రోజు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. సైబర్ దాడి ఏదీ జరగలేదు. కంప్యూటర్లకు రక్షణ కల్పించే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక చిన్న ఫైలే దీనికి కారణం.

భారత కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు విడుదలైన ఆ ఫైలును 78 నిమిషాల్లోనే ఉపసంహరించారు. అయితే అప్పటికే దెబ్బతిన్న యంత్రాలలో అనేకం తమంతట తాము కోలుకోలేదు. ఒక్కొక్కదాని వద్దకు సిబ్బంది వెళ్లి సరిచేయవలసి వచ్చింది. కొత్త ఫైలు 21వ విలువను కూడా పరిశీలించమన్నది. యంత్రంలోని ప్రోగ్రాము అందించినవి 20 మాత్రమే. లేని విలువ కోసం వెదకబోయి కంప్యూటర్ కుప్పకూలింది.

అనేక యంత్రాలపై విస్తరించిన వ్యవస్థను ఒకే క్షణంలో మార్చడం సాధ్యం కాదు. పాతదీ కొత్తదీ కొంతకాలం కలిసి పనిచేయక తప్పదు. టెలిఫోన్ ఇంజినీర్లకు ఇది పాత సమస్యే. స్వీడన్‌కు చెందిన ఎరిక్సన్ సంస్థ 1980వ దశకంలో రూపొందించిన ఎర్లాంగ్ భాషలో ఒకే మాడ్యూల్‌కు పాత, కొత్త రూపాలు రెండూ ఏకకాలంలో ఉండగలవు. నడుస్తున్న పని పాతదానిలో ముగుస్తుంది, కొత్త పని కొత్తదానికి వెళుతుంది. మూడో రూపం వస్తే మాత్రం మొదటిదానికి చోటుండదు.

క్రౌడ్‌స్ట్రైక్ కూడా తన ప్రోగ్రాములో మార్పులను దశలవారీగానే పంపేది. కావాలనుకున్న ఖాతాదారులు ఒక రూపం వెనుకే ఉండిపోయే వీలు సైతం కల్పించింది. కానీ సమాచార ఫైళ్లకు ఈ జాగ్రత్తలేవీ వర్తించలేదు. ప్రోగ్రాము నడవడికను మార్చగల ఫైలు కూడా ప్రోగ్రాముతో సమానమేనన్న ఎరుక లోపించడమే అసలు పొరపాటు.

భారత్‌లో 10 బ్యాంకులు, బ్యాంకింగేతర ఆర్థిక సంస్థలకు మాత్రమే స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు తెలిపింది. ఆ సాధనాన్ని కొద్ది బ్యాంకులే వాడుతుండటం అందుకు ఒక కారణం. దీనిని ముందుచూపు అనడం కంటే అదృష్టం అనడమే సబబు. నెలకు వెయ్యి కోట్లకు పైగా లావాదేవీలు సాగే యూపీఐకి ఆదివారమూ లేదు, పండుగా లేదు. పైగా ఒక చెల్లింపులో యాప్‌లు, బ్యాంకులు, జాతీయ చెల్లింపుల సంస్థ అన్నీ భాగస్వాములే. ఇవన్నీ ఒకే రోజు కొత్త రూపానికి మారతాయని ఆశించి ఏ మార్పునూ రూపొందించలేరు.

ఆ ఘటన తరువాత క్రౌడ్‌స్ట్రైక్ సమాచార ఫైళ్లనూ దశలవారీగా విడుదల చేస్తామని ప్రకటించింది. ఇందులోనూ ఒక చిక్కుంది. రక్షణ ఫైలు ఆలస్యమైన ప్రతి గంటా దాడి చేసేవారికి దొరికే వ్యవధి. తొలి విడతలో ఎన్ని యంత్రాలకు పంపాలి, ఫలితం కోసం ఎంతసేపు వేచి చూడాలి అన్నది ప్రతి సంస్థా తన అవసరాన్ని బట్టి ముందుగానే తేల్చుకోవలసిన లెక్క.