కప్పుకు దెబ్బ.. సాయం అంతంతమాత్రం

ఆబిడ్స్, నాంపల్లి: 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లతో నేల తెల్లబడింది. అటువంటి వాన నగర నడిబొడ్డున కురిస్తే ముందుగా దెబ్బతినేవి రేకుల ఇళ్లే. పగిలిన సిమెంటు రేకుకు అతుకు నిలవదు, కొత్తది వేయాల్సిందే. రేకు ధరకు రవాణా, కూలి ఖర్చులు తోడవుతాయి.

వడగళ్ల వాన కేంద్రం గుర్తించిన విపత్తే. 2022-26 కాలపు విపత్తు స్పందన నిధి నిబంధనల్లో పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ.6,500, కచ్చా ఇంటికి రూ.4,000 సాయం నిర్ణయించారు. కనీసం 15 శాతం నష్టం ఉండాలన్నది షరతు. పది రేకులు పగిలినా, ఇరవై పగిలినా అదే మొత్తం.

గోడలు నిలిచి కప్పు ఒక్కటే పగిలితే, నష్టం ఆ పరిమితిని చేరిందా లేదా అన్నది అధికారుల తనిఖీలో తేలాలి. కనుక రేకులు తొలగించకముందే ఫొటోలు తీసి, తహసీల్దారుకు దరఖాస్తు చేయడం మేలు. కప్పు కొలతను బట్టి సాయం అందనంత కాలం మిగతా భారం పేదలదే.