ద్రవ్యలోటు అంచనాలు: కచ్చితత్వానికి పునాది లెక్కలే కీలకం

బడ్జెట్ సమర్పించిన మరునాడు పత్రికల పతాక శీర్షికలకెక్కే ద్రవ్యలోటు శాతం, రాబడి వ్యయాల అంచనాల మధ్య మిగిలే తేడా మాత్రమే. ఆ రెండు భారీ మొత్తాలలో ఏ ఒక్కటి స్వల్పంగా తప్పినా లోటు అంకె గణనీయంగా మారుతుంది. పొరపాటు బయటపడేసరికి ఆర్థిక సంవత్సరం ముగింపుకు వస్తుంది. అప్పుడు ప్రభుత్వానికి మిగిలే మార్గాలు పథకాల నిధులకు కోత, బిల్లుల చెల్లింపు వాయిదా, లేదా అదనపు రుణం.

ఇందుకు 2019-20 కేంద్ర బడ్జెట్ చక్కని ఉదాహరణ. 2019 జూలై 5న పార్లమెంటుకు సమర్పించిన ఆ బడ్జెట్‌లో స్థూల పన్నుల రాబడిని 24.61 లక్షల కోట్ల రూపాయలుగా అంచనా వేశారు. అంతకు ముందు సంవత్సరపు సవరించిన అంచనా 22.48 లక్షల కోట్లతో పోల్చినపుడు ఇది సుమారు 9.5 శాతం పెరుగుదల. అసాధ్యమైన లక్ష్యమేమీ కాదు. అయితే 2018-19లో వాస్తవంగా వసూలైనది దాదాపు 20.80 లక్షల కోట్లే. ఆ సంవత్సరపు తాత్కాలిక లెక్కలు బడ్జెట్‌కు నెల రోజుల ముందే వెలువడినాయి. వాటిని ప్రాతిపదికగా తీసుకున్నట్లయితే కావలసిన పెరుగుదల 18 శాతం పైచిలుకని తేలేది. అదే ఏడాది సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను రేట్లు తగ్గించడం కూడా తోడై, చివరకు వసూళ్లు 20.10 లక్షల కోట్ల వద్ద ఆగినాయి. 3.3 శాతంగా మొదలైన ద్రవ్యలోటు సవరించిన అంచనాలలో 3.8 శాతానికి, తుది లెక్కలలో 4.6 శాతానికి చేరింది.

వ్యయం వైపు సమస్య వేరు. అక్కడ ఖర్చు తగ్గలేదు, పద్దు మారింది. 2019-20లో ఆహార సబ్సిడీకి తొలుత 1.84 లక్షల కోట్లు ప్రతిపాదించి, సవరించిన అంచనాలలో 1.08 లక్షల కోట్లకు కుదించారు. ధాన్యం సేకరణ గాని, చౌకధరల దుకాణాలకు సరఫరా గాని తగ్గలేదు. లోటును భారత ఆహార సంస్థ జాతీయ చిన్నమొత్తాల పొదుపు నిధి నుండి రుణంగా తెచ్చుకుని భరించింది. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. పాత బకాయిలకు కోవిడ్ కాలపు ఉచిత బియ్యం పంపిణీ కూడా చేరడంతో 2020-21 ఆహార సబ్సిడీ 1.15 లక్షల కోట్ల నుండి సవరించిన అంచనాలలో 4.22 లక్షల కోట్లకు పెరిగింది. ఆ ఏడాది ద్రవ్యలోటు 9.5 శాతంగా చూపవలసి వచ్చినా, లెక్క మాత్రం నిజానికి దగ్గరైంది.

ఆ తరువాత రాబడి అంచనాలు జాగ్రత్తగా వేయడం మొదలైంది. ఫలితంగా 2021-22లో 6.8 శాతం అంచనాకు వాస్తవం 6.7 శాతంగాను, 2023-24లో 5.9 శాతం అంచనాకు 5.6 శాతంగాను నమోదైనాయి.

రాష్ట్రాలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. కార్పొరేషన్ల పేరిట తీసుకుని రాష్ట్ర బడ్జెట్ నుండి అసలు, వడ్డీ చెల్లించే అప్పులను రాష్ట్ర రుణాలుగానే పరిగణిస్తామని 2022లో కేంద్రం తెలియజేసింది. రాజ్యాంగం 293(3) అధికరణం కింద రుణాలకు కేంద్రం అనుమతి అవసరమైన రాష్ట్రాలకు దీనితో రుణ పరిమితి తగ్గింది. తెలుగు రాష్ట్రాలలోనూ ఇది తీవ్ర చర్చకు దారితీసింది. కేంద్రం తన విషయంలో అనుసరించిన పద్ధతికే రాష్ట్రాలను తప్పు పట్టడమేమిటన్న అభ్యంతరంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే తీర్చవలసింది ఖజానాయే అయినపుడు ఆ అప్పును లోటు లెక్కలో చేర్చకపోవడాన్ని సమర్థించడం కష్టం.

శాఖాధిపతులు సవరించిన అంచనాలు పంపేటపుడు గత సంవత్సరపు వాస్తవ వ్యయం, చెల్లించవలసిన బిల్లులు, పూచీకత్తుల భారం విడిగా చూపినట్లయితే ఆర్థికశాఖ పని సులభమవుతుంది. పాత్రికేయ మిత్రులకు కాగ్ ప్రతినెలా వెలువరించే రాష్ట్రాల ఖాతాల ముఖ్య సూచికలు అందుబాటులో ఉన్నాయి. డిసెంబరు వరకు జరిగిన వసూళ్లను పూర్తి సంవత్సరపు అంచనాతో పోల్చి, మిగిలిన మూడు నెలలలో ఎంత రావలసి ఉన్నదో లెక్కిస్తే, లక్ష్యం నెరవేరేదీ లేనిదీ మార్చికి ముందే చాలావరకు తెలుస్తుంది.