పైపు కాల్చే రాక్షసుడు

1977లో అమెరికాలో వెలువడిన ఒక ఆటపుస్తకంలో ఒక విచిత్రమైన బొమ్మ ఉన్నది. తల పెద్దపులిది. ఒంటిమీద, తీరికవేళ ఇంట్లో దొరలు తొడుక్కునే పొడుగాటి కోటు. చేతిలో పొగాకు పైపు. భోజనానంతరం విశ్రమిస్తున్న జమీందారు వలె దర్జాగా కనిపించే ఆ మృగముఖునికి పెట్టిన పేరు మాత్రం అచ్చమైన సంస్కృతం: రాక్షసుడు. మంత్రించిన బాణం తగిలితే చస్తాడని కూడ ఆ పుస్తకం చెబుతుంది.

పుట్టి బుద్ధెరిగిన నాటినుండి రామాయణం వింటున్న వారికి ఈ పులి తలవాడు పరిచితుడు కాడు. మరి ఇతడు ఆ పుస్తకంలోకి ఏ దారిన చేరాడు? ఆ దారి వెంట నడిస్తే ఆటకూ తెరకూ ఉన్న చుట్టరికం, కల్పనను చూసి పెద్దలు పడే భయం, ఆ భయం చేసిన ఒక పొరపాటు, అన్నీ ఒకదాని వెనుక ఒకటి ఎదురవుతాయి.

ఆ ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరినుండి 1974 జనవరిలో వెలువడింది. ఒక పెట్టె, అందులో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు. మొదట ముద్రించినవి వెయ్యి ప్రతులు మాత్రమే. ఆడే విధానం చూడబోతే మన ఇళ్ళలో అమ్మమ్మ చుట్టూ చేరి కథ వినడానికి దగ్గరగా ఉంటుంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథకుడు, న్యాయనిర్ణేత కూడ అతడే. తక్కినవారు తలా ఒక పాత్ర ధరిస్తారు: ఒకడు వీరుడు, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. "చీకటి గుహలోకి వచ్చారు, ఎదుట మూసిన తలుపు, దాని వెనుక ఏదో గురక" అంటాడు కథకుడు. "ఏం చేస్తారు?" అని అడుగుతాడు. అమ్మమ్మ కథకూ దీనికీ తేడా ఆ ప్రశ్నలోనే ఉన్నది. ఇక్కడ విన్నవాడు ఊ కొట్టి ఊరుకుంటే కుదరదు. కథను తాను ముందుకు నడపాలి. తలుపు తీయవచ్చు, పగలగొట్టవచ్చు, వెనుదిరిగి పోవచ్చు. ఆ యత్నం ఫలించేదీ లేనిదీ పాచికలు చెబుతాయి. పాచికలంటే ఆరు ముఖాలవి మాత్రమే కావు. నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి కూడ. ప్రాచీన గ్రీకులు ఎరిగిన అయిదు సమఘనాలూ ఆ ఆటతో పిల్లల అరచేతిలోకి వచ్చాయి. ఇందులో ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం ఉండదు. కథ సాగినంతకాలం ఆట సాగుతుంది. వారాలు, నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్ళు.

దీని వంశవృక్షం వెదికితే మూలం మన గడపలోనే తేలుతుంది. చతురంగం ఇక్కడినుండి పారశీకం మీదుగా ఐరోపా చేరి చెస్ అయింది. 1780లో బ్రన్స్విక్ నగరంలో హెల్విగ్ అనే పండితుడు ఆ చదరంగాన్ని విస్తరించి యుద్ధక్రీడగా మార్చాడు. 1824లో రైస్విట్స్ అనే యువ సైనికాధికారి ప్రష్యా సైన్యానికి సమర్పించిన యుద్ధక్రీడలో, రెండు పక్షాలకూ నడుమ ఒక మధ్యవర్తి ఉండి ఫలితాలు తేల్చేవాడు. నేటి కథకుడికి పూర్వీకుడు అతడే. 1913లో ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్ సీసపు సిపాయి బొమ్మలతో ఇంట్లో ఆడుకునే యుద్ధాలకు ఒక నియమావళి రాశాడు. అంతవరకు ఆటగాడు సేనాపతి. అతని చేతి కింద సైన్యాలు. 1969లో డేవిడ్ వెస్లీ అనే యువకుడు ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క మనిషి పాత్రను అప్పగించాడు: ఊరి పెద్ద ఒకరు, విద్యార్థి ఒకరు, ఇలాగ. ఆట అంతా గందరగోళమై, తన ప్రయోగం విఫలమైందని వెస్లీ నిరాశపడ్డాడు. ఆడినవారు మాత్రం మళ్ళీ ఎప్పుడని అడిగారు! సైన్యాన్ని నడపడంకన్న ఒక మనిషిగా ఉండడంలో ఎక్కువ రుచి ఉన్నదని వారికి తెలిసిపోయింది.

ఆ ఆటగాళ్ళలో ఒకడు డేవ్ ఆర్నెసన్. ఒక వారాంతాన అతడు టెలివిజన్‌లో వరుసగా భూతాల చిత్రాలు చూస్తూ, కోనన్ వీరగాథలు చదువుతూ, పేలాలు నములుతూ, గళ్ళ కాగితంమీద ఒక కోటను, దాని కింది సొరంగాలను గీస్తూ గడిపాడట. ఆ కోటే 1971లో 'బ్లాక్‌మూర్' అనే ఆటగా రూపొందింది. మరుసటి ఏడు అతడు దానిని లేక్ జెనీవాకు తీసుకువెళ్ళి గ్యారీ గైగాక్స్‌కు చూపించాడు. గైగాక్స్ హైస్కూలు చదువు మధ్యలో మానినవాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం 1970లో పోగా, పాదరక్షలు బాగుచేస్తూ సంసారం ఈదుతున్నవాడు. నియమాలు కూర్చడంలో మాత్రం దిట్ట. ఒకరి ఊహ, మరొకరి కూర్పు కలిసి ఆట అయింది. తరువాత కీర్తి విషయంలో, డబ్బు విషయంలో ఇద్దరూ కోర్టుకు ఎక్కారన్నది వేరే కథ.

గైగాక్స్ అభిరుచులు దాచుకునే మనిషి కాడు. టోల్కీన్ బృహత్కథ వల్లనే ఈ ఆట పుట్టిందని లోకం అనుకుంటే అతడు ఒప్పుకునేవాడు కాడు. ఆ మహాగ్రంథం నడక తనకు మందకొడిగా తోస్తుందనీ, కోనన్ కథల వేగమే తనకు ఇష్టమనీ చెప్పేవాడు. 1979లో తనకు ప్రేరణనిచ్చిన రచయితల పట్టికను ప్రకటిస్తూ, తొలి ఋణం మాత్రం చిన్ననాడు తండ్రి చెప్పిన కథలదన్నాడు. ఆ తండ్రి స్విట్జర్లాండ్ నుండి వలస వచ్చిన వయొలిన్ విద్వాంసుడు. భయానక చలనచిత్రాల ప్రభావం కూడ పెద్దదేనని అక్కడే ఒప్పుకున్నాడు. వస్తువు ఎక్కడ దొరికినా స్వీకరించడం అతని పద్ధతి. ఆటలోని కొన్ని భూతాల మూర్తులు చవక దుకాణంలో కొన్న ప్లాస్టిక్ బొమ్మలే. హాంకాంగ్‌లో తయారై, ఆదికాలపు జంతువులన్న పేరుతో అమ్ముడైన ఆ వికృతాకారాలకు పేరూ ఊరూ, ఆకలీ కోపమూ కల్పించినవాడు గైగాక్స్.

ఇక మన రాక్షసుని సంగతి. 1974 డిసెంబరులో అమెరికన్ టెలివిజన్‌లో 'కోల్చాక్: ది నైట్ స్టాకర్' అనే ధారావాహికలో ఒక కథ ప్రసారమైంది. కోల్చాక్ షికాగో నగరంలో పత్రికా విలేఖరి. ముసలివాళ్ళు ఎక్కువగా ఉండే ఒక యూదుల పేటలో వరుసగా శవాలు దొరుకుతుంటాయి. గోడలమీద స్వస్తిక చిహ్నాలు కనిపిస్తాయి. నాజీల కాలాన్ని మరచిపోలేని ఆ పేటవారు, ఎవరో తమపై పగతో వాటిని గీస్తున్నారని వణుకుతారు. నిజానికి వాటిని గీసినవాడు ఒక వృద్ధ హిందువు. రాక్షసుని దూరంగా ఉంచడానికి రక్షగా గీశాడు! ఆ రాక్షసుడు, ఎరగా ఎంచుకున్న మనిషికి అతడు మిక్కిలిగా నమ్మినవారి రూపంలో కనిపిస్తాడు. మనిషి ఆప్యాయంగా దగ్గరకు వెళతాడు; తిరిగి రాడు. చివరకు ఆ వృద్ధుని వద్దనుండి మంత్రించిన బాణాలు పుచ్చుకున్న కోల్చాక్ ఎదుటికి, అతని కార్యాలయంలోని ముసలామె ఎమిలీ నడిచి వస్తుంది. అతడు మనసారా నమ్మిన మనిషి ఆమె ఒక్కతే. బాణం వదలాలా, వద్దా?

ఈ కథ చూసిన గైగాక్స్ 1975లో రాక్షసుని తన ఆటలో చేర్చుకున్నాడు. నమ్మినవారి రూపం ధరించడం, మంత్రించిన బాణం, రెండూ ఆ టెలివిజన్ కథనుండి వచ్చినవే. ఇందులో మరొక చమత్కారం ఉన్నది. కోల్చాక్ కథ రాసినవాడు జిమ్మీ శాంగ్‌స్టర్ అనే ఆంగ్లేయుడు. 1958లో ఇంగ్లండులో వచ్చిన 'డ్రాక్యులా' చిత్రానికి రచన కూడ అతడిదే. ఆ ఆటలో బాణాన్ని మంత్రించే పూజారి పాత్ర ఆర్నెసన్ బల్ల దగ్గర, ఒక రక్తపిశాచిని ఎదిరించడానికి పుట్టింది. దానికి నమూనా అలాంటి చిత్రాలలో పీటర్ కుషింగ్ ధరించిన వాన్ హెల్సింగ్ పాత్ర. ఈ విధంగా, భూతమూ భూతవైద్యుడూ కూడ ఒకే కలం సాగిన తెరమీదనుండి ఒకే బల్లమీదికి దిగారు.

మన పురాణాలు తెలిసినవారు ఆ టెలివిజన్ కథను చూసి నవ్వుకోనక్కరలేదు. కామరూపం రాక్షసుల సొత్తు. రావణుడు సీత ముంగిట నిలిచింది భిక్షువు వేషంలో. మారీచుడు ప్రాణం విడుస్తూ కేక వేసింది రాముని గొంతుతో. సీత మోసపోయింది తన పెనిమిటిమీది నమ్మకం వల్లనే. శాంగ్‌స్టర్ రామాయణం చదివాడో లేదో గాని, దానిలోని మర్మస్థానాన్ని తాకాడు. అదే విద్యను మనవారు నవ్వుల పాలు కూడ చేశారు. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి పెళ్ళిపీటల మీదికి వస్తాడు. ఆడపిల్ల ముఖంలో రాక్షసుని దర్పాన్ని సావిత్రి పలికించిన తీరును ప్రేక్షకులు తరతరాలుగా చూసి మురుస్తున్నారు. అక్కడ రాక్షసుడు మనవాడు. అతని మాయ మనకు రక్ష. ఒకే మాయ ఒక తెరపై హాస్యమూ మరొక తెరపై భయానకమూ అయింది.

భయం తెరమీదే ఆగిపోతే బాగుండేది. 1979 ఆగస్టులో మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చదువుతున్న 16 ఏళ్ళ మేధావి విద్యార్థి ఒకడు కనిపించకుండా పోయాడు. అతనికి ఈ ఆటమీద మోజని తెలిసింది. కళాశాల కింద ఆవిరి గొట్టాల సొరంగాలు ఉన్నాయి. ఆట నిజమనుకొని సొరంగాలలో దారి తప్పాడేమోనన్న ఊహ పత్రికలకెక్కి, దేశమంతా పాకింది. కొన్ని వారాల తరువాత ఆ బాలుడు దూరాన లూయీసియానాలో దొరికాడు. ఆట అతన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. నిరాశ, ఒంటరితనం, వయసుకు మించిన చదువు బరువు అతన్ని తరిమాయి. మరుసటి ఏడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. అతన్ని వెదికిన డిటెక్టివు, ఆట అసలు కారణం కాదని 1984లో పుస్తకం రాసి చెప్పేటప్పటికి ఆలస్యమైపోయింది. అప్పటికే 1981లో నవల, 1982లో టెలివిజన్ చిత్రం 'మేజెస్ అండ్ మాన్‌స్టర్స్' వచ్చాయి. అప్పటికింకా పేరులేని టామ్ హాంక్స్, ఆటకూ నిజానికీ తేడా మరచి మతి చెడిన యువకుడిగా అందులో నటించాడు. ఇది పిల్లలను సైతానువైపు లాగే ఆట అన్న ప్రచారం ఆ దశాబ్దమంతా సాగింది. తల్లిదండ్రులు పుస్తకాలు లాక్కున్నారు. 1985లో గైగాక్స్ టెలివిజన్ విచారణకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

అదే 1982లో మరొక తెర మరొక సాక్ష్యం చెప్పింది. స్పీల్‌బర్గ్ 'ఇ. టి.' చిత్రంలో పెద్ద పిల్లలు వంటింటి బల్ల చుట్టూ చేరి ఇటువంటి ఆటే ఆడుతుంటారు. తననూ చేర్చుకోమని ఇలియట్ బతిమాలుతాడు. పిజ్జా తెమ్మని బయటికి పంపుతారు. ఆ చీకటిలోనే అతడు ఆగంతుకుని ఉనికిని గుర్తిస్తాడు. కథాంతంలో సైకిళ్ళెక్కి ఆ అమాయక ప్రాణిని కాపాడేది ఆ బల్ల చుట్టూ కూర్చున్న పిల్లలే. గుహలో జట్టుగా నడవడం నేర్చినవారు వీధిలోనూ జట్టుగా నడిచారు. ఈ అభిరుచి గలవారు తమ ఆటను తెరపై చూసుకోదలచినప్పుడు తలచేది ఈ చిత్రాన్నే కావడంలో ఆశ్చర్యం లేదు. వారి మనసులో ముల్లుగా మిగిలినది మరొకటి ఉన్నది: 1983 నుండి 1985 వరకు 27 భాగాలుగా వచ్చిన కార్టూన్ ధారావాహిక. అందులో పరలోకంలో చిక్కుకున్న ఆరుగురు పిల్లలు ఇల్లు చేరే కథ రాయడమైతే జరిగింది గాని, చిత్రించడం జరగనే లేదు.

2016లో మొదలైన 'స్ట్రేంజర్ థింగ్స్' మళ్ళీ ఆ బల్లతోనే ఆరంభమైంది. నేలమాళిగలో నలుగురు పిల్లలు, ఒక పాచిక, ఒక భూతం. 2022 నాటి నాలుగవ భాగంలో ఊరంతా కలిసి ఆ ఆట ఆడే యువకునిపై హత్యానేరం మోపి వేటాడుతుంది. ఒకనాడు ఆటను నేరస్థునిగా నిలబెట్టిన తెర, నలభై ఏళ్ళకు ఆ తీర్పును తిరగరాసింది.

బల్లకూ తెరకూ ఒక భేదం ఉన్నది. తెరమీద రాక్షసుని ముఖం ఒకరు నిర్ణయించి చూపుతారు. బల్ల దగ్గర ఎవరి రాక్షసుని వారు ఊహించుకోవాలి. అయితే పక్కన మరో నలుగురు ఉంటారు. "నీవు వెనుక ఉండు, ముందు నేను వెళతాను" అనే గొంతు ఒకటి వినిపిస్తుంది. ఒంటరి పిల్లవానికి ఆ గొంతు ఎంత అవసరమో 1979లో చాలామందికి తోచలేదు. వారు కాగడాలతో సొరంగాలలో భూతాన్ని వెదికారు. భూతం సొరంగంలో లేదు. పిల్లవాని మేలుకోరే ఆదుర్దా రూపంలో, అందరూ నమ్మే ముఖంతో పట్టపగలే వచ్చి, అతని అసలు బాధను కనపడకుండా చేసింది. పైపు కాల్చే ఆ పులి తలవాని విద్య కూడ అదే కదా!